రెండోసారి కామెర్లు

దానియేలు పోయిన పదిహేనో నెలలో అతనికి మళ్ళీ కామెర్లు వచ్చాయి.

ఈసారి వచ్చింది మనిషికి కాదు. మనిషి సమాధుల తోటలో మట్టి కింద నిశ్చింతగా ఉన్నాడు. వచ్చింది అతని పిత్తనాళానికి. కాలేయంలో ఊరే పిత్తాన్ని పేగులోకి చేరవేసే సన్నని గొట్టం అది. మనందరి కడుపులోనూ ఉంటుంది, మూసుకుపోయేదాకా అలాంటిదొకటి ఉందని ఎవరికీ తెలియదు. దానియేలు ఆస్పత్రిలో ఉన్నప్పుడు, అతని నాళంలో జబ్బు తగలని చోటి నుంచి డాక్టర్లు పిసరంత కండ గోకి తీశారు. మంగళగిరి పక్కనున్న ఒక పరిశోధనశాలలో ఆ పిసరును పెంచి, వేలెడు పొడుగున రెండు నాళాలు చేశారు. ఒక చివర పిత్తం పోస్తే రెండో చివర నుంచి చుక్కలు చుక్కలుగా పడుతుంది. ఆ రోజు పొద్దున మొదటి నాళంలోంచి నిమిషానికి ఇరవై చుక్కలు పడాల్సింది, పదమూడే పడ్డాయి.

ఆ సంగతి కనిపెట్టింది సలోమి. సలోమి ఆ ల్యాబులో టెక్నీషియను. దానియేలు భార్య కూడా ఆవిడే.

భార్యను తీసుకొచ్చి భర్త నాళానికి కాపలా పెట్టడమేంటి, తప్పు కదా అని మీరనొచ్చు. డాక్టర్ తహసీన్ కూడా మొదట అదే అంది. ఆ ల్యాబు ఆవిడది, ఆ ప్రయోగమూ ఆవిడదే. నమూనా మీద అంకె తప్ప పేరుండకూడదనీ, ఆ అంకె ఎవరిదో టెక్నీషియనుకు తెలియకూడదనీ రూలు. కానీ సలోమి పెద్దాస్పత్రి రక్తపరీక్షల గదిలో పంతొమ్మిదేళ్ళు చేసిన ఉద్యోగం వదిలేసి వచ్చి, "ఆయన్ని ఇంకెవరి చేతుల్లోనో పెట్టకండి మేడమ్" అని గుమ్మంలో నిలబడిపోయింది. రూల్సు రాసేవాళ్ళు ఏడుస్తున్న మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని రాయరు. తహసీన్ ఆవిణ్ణి వెనక్కి పంపలేకపోయింది.

నాళాలుండేది బీరువా అంత తెల్లపెట్టెలో. దాని అసలు పేరు పలకాలంటే నోరు తిరగదు కాబట్టి అందరూ పరుగుపెట్టె అంటారు. తహసీన్ పన్నెండేళ్ళ కష్టం అది. అందులో పెట్టేముందు కణాలను కొత్తవాటిలా వెనక్కి తిప్పుతారు, పెట్టాక వాటికి ఒక్క రోజులో నెల వయసు వచ్చేస్తుంది. నూట ముప్ఫై రెండు రోజుల్లో పదకొండేళ్ళు గడిచిపోతాయి.

సరిగ్గా పదకొండేళ్ళే దానియేలు విజయవాడలో ఒక ప్రెస్సు సెల్లారులో మెషిను మీద పనిచేశాడు. స్కూలు పుస్తకాలు, గోడ క్యాలెండర్లు, శుభలేఖలు వేసేవాళ్ళు. కాగితానికి తేమ తగిలితే సాగుతుంది, సాగితే రంగు మీద రంగు కుదురుగా కూర్చోదు. అందుకని సెల్లారుకు కిటికీలు పెట్టలేదు. ఉన్న ఒక్క ఫ్యాను కంతనూ మూసేసి ఏసీ బిగించారు. రంగు మార్చినప్పుడల్లా మెషిన్లోని రబ్బరును రంగు కరిగించే మందులో ముంచిన గుడ్డతో తుడవాలి, రోజుకు నలభై యాభై సార్లు. ఆ మందుది తియ్యటి వాసన. చేతుల రంగు వదలడానికీ అదే, చొక్కా మీద మరకకూ అదే. తలుపు తీస్తే రంగులు పాడవుతాయి, మూస్తే మనుషులు పాడవుతారు. ప్రెస్సువాళ్ళు రంగుల పక్షాన నిలబడ్డారు. దానియేలుకంటే ముందు ఆ సెల్లారు మనుషులే ఇద్దరు, యాభై నిండకుండా, ఇదే పిత్తనాళం క్యాన్సరుతో పోయారు. లక్షమందిలో ఒకరికో ఇద్దరికో వచ్చే జబ్బు అది. ఒకే గదిలో ముగ్గురికి వచ్చింది.

తహసీన్ ఆస్పత్రి మంచం పక్కన కూర్చుని దానియేలును అడిగిన ప్రశ్నలు సలోమికి ఇంకా గుర్తే. నాళంలో రాళ్ళున్నాయని ఎవరైనా చెప్పారా, పుట్టుకతోనే నాళం ఉబ్బి ఉందా, పెద్దపేగులో పుళ్ళున్నాయా, కాలేయానికి పట్టే వైరసులేమైనా తగిలాయా, షుగరా, సిగరెట్లా. అన్నిటికీ అతను తల అడ్డంగా ఊపాడు.

"నదిలో చేపలు పచ్చిగా తినే అలవాటుందా? కొన్ని దేశాల్లో ఆ చేపల్లో పురుగు వల్ల వస్తుంది."

"పచ్చిగా మింగడానికి మేమేమన్నా కొంగలమా మేడమ్?" అన్నాడు దానియేలు. అప్పటికి నలభై ఆరు కిలోలకు దిగిపోయాడు, అయినా నవ్వాడు. "మా సెల్లారు సంగతి తేల్చండి. అక్కడ ఇంకా మావాళ్ళు పదకొండు మంది ఉన్నారు." కాగితం మీద సంతకం పెట్టి, పెన్ను మూత జాగ్రత్తగా పెట్టి ఇచ్చాడు.

అలా రెండు నాళాలు పెరిగాయి. మొదటిదానికి దానియేలు హాజరు పట్టీ ప్రకారం, అతను సెల్లారులో ఉన్న ప్రతి గంటకూ ఆ మందు ఆవిరి పట్టించారు. రెండోదానికి మంచి గాలి. మిగతాదంతా ఒక్కటే. ఆ పొద్దున మొదటిదానికి పదమూడు చుక్కలు పడుతుంటే, రెండోది నిక్షేపంగా ఇరవై చుక్కలు వదులుతోంది.

తహసీన్ కళ్ళద్దాలు పైకి తోసుకుని రెండిటినీ మార్చి మార్చి చూసింది. "పాపం మందుదే. దానియేలు గారు అడిగినదానికి జవాబు దొరికింది" అంది. ఆ తర్వాత పెట్టెకున్న చక్రం తిప్పింది. "ఇక పరుగు ఆపేద్దాం. ఇవాళ్టి నుంచి మామూలు రోజులే, రోజుకు రోజు. నాళం ఇరుకై కామెర్లు పైకి కనపడ్డాక, ఆపరేషను చేసి తీసేయడానికి ఎన్నాళ్ళ గడువుంటుందో ఎవరూ కళ్ళారా చూడలేదు. పక్కనే రక్తనాళం కూడా పెంచాం కదా. జబ్బు గోడ దాటి అందులోకి దూరిందంటే ఆ రోజుతో డాక్టరు కత్తికి పనుండదు. ఆ రోజేదో మనకు తెలియాలి."

సలోమి చేతిలో రాస్తున్న పెన్ను ఆగిపోయింది. నూట ముప్ఫై రెండు రోజులుగా మందు సంగతే తేలాలని దేవుణ్ణి అడిగింది గానీ, ఈ రెండో లెక్క ఒకటి వస్తుందని ఆవిడ ఊహించలేదు.

"ఇంట్లో కామెర్లు గమనించాక ఎన్నాళ్ళకు ఆస్పత్రికి తీసుకొచ్చారు?" అని అడిగింది తహసీన్, కాగితాలు సర్దుకుంటూ.

"నలభై ఒకటో రోజు" అంది సలోమి.

తహసీన్ తలెత్తి చూసింది.

*

కామెర్లకు ముందు దురద వచ్చింది. చర్మం మీద దద్దురు లేదు, పొక్కు లేదు, మనిషి మాత్రం అరికాళ్ళు మంచం పట్టెకేసి రాసుకునేవాడు. ప్రెస్సు రంగు పడలేదనుకున్నారు. మూత్రం టీ డికాషన్ రంగులో వస్తే, బెజవాడ ఎండలు కదా, నీళ్ళు తాగడంలేదనుకున్నారు. తర్వాత ఒకరోజు పొద్దున అద్దం ముందు గడ్డం గీసుకుంటూ, "సలోమీ, నా కళ్ళు చూడు, మన క్యాలెండరు పసుపే" అన్నాడు.

ఆవిడ ఆ రోజే అతని రక్తం పెద్దాస్పత్రికి తీసుకెళ్ళి, తనే పరీక్ష చేసింది. కాలేయం వాచి వచ్చే కామెర్లలో ఒక అంకె పెరుగుతుంది, గొట్టం మూసుకుపోయి వచ్చే కామెర్లలో ఇంకో అంకె పెరుగుతుంది. పెరిగింది ఆ రెండోది. మిషను తప్పేమోనని మళ్ళీ చేసింది. అదే అంకె. పంతొమ్మిదేళ్ళలో అలాంటి అంకెలు ఆవిడ చాలా చూసింది. ఆ అంకె వచ్చినవాళ్ళంతా పోతారని కాదు, సగం మందికి ఉత్త రాళ్ళే ఉంటాయి. కానీ ఆవిడకు ఆ క్షణంలో గుర్తొచ్చింది మిగతా సగమే.  కాగితం నాలుగు మడతలు పెట్టి, ముక్కలు చేసి, వాడేసిన దూది బుట్టలో పడేసింది.

ఇంటికొచ్చి, "మామూలు కామెర్లే. పెద్ద డాక్టరుకు కూడా చూపించాను" అంది.

చదువుకున్న మనిషి ఇలా చేస్తుందా అంటే, చేస్తుంది. భయం ముందు చదువెంత. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు, తను చూడకపోతే ఆ అంకె లేనట్టేనని ఒక వెర్రి నమ్మకం. పైగా చిన్నప్పుడు ఆవిడ తమ్ముడికి కామెర్లొస్తే కృష్ణ అవతలి ఊళ్ళో పసరు పోయించారు, పది రోజుల్లో లేచి ఆడుకున్నాడు. ఆ కామెర్లు పసరు పోసినా తగ్గేవే, పోయకపోయినా తగ్గేవే. ఈ సంగతి సలోమికి తెలుసు. తెలిసీ మూడు ఆదివారాలు చర్చి మానేసి, దానియేలును పరగడుపున ఆ ఊరు తీసుకెళ్ళింది. పసరు పోసే ముసలాయన పైసా పుచ్చుకోడు, పుచ్చుకుంటే మందు పనిచేయదంటాడు. అంత మంచివాణ్ణి అనుమానించడం ఎవరికి చేతనవుతుంది?

నలభై రోజుల పత్యం. ఉప్పు లేదు, నూనె లేదు, పసుపు అసలే లేదు. మజ్జిగన్నం, చప్పిడి పప్పు. అసలు మోసం ఆ పత్యంలోనే జరిగింది. దానియేలు చిక్కిపోతుంటే, చప్పిడి కూడు తింటే చిక్కడా అన్నారు. మలం సున్నంలా తెల్లగా వస్తుంటే, మజ్జిగన్నం తింటే అంతే అన్నారు. ఆకలి లేదంటే ఉప్పు లేని తిండి ఎవరికి సయిస్తుందన్నారు. జబ్బు చెబుతున్న ప్రతి మాటకూ పత్యం అడ్డుపడింది. కుడివైపు పక్కటెముకల కింద నొప్పి మొదలై, చలిజ్వరం వచ్చి, మనిషి మంచం మీద వంకర తిరిగిపోయాక నలభై ఒకటో రోజున ఆస్పత్రిలో చేర్చారు. డాక్టర్లు స్కానింగు చూసి, కోయడానికి లేదన్నారు. లోపల చిన్న గొట్టం వేసి పిత్తం పారేలా చేశారు. దాంతో కళ్ళు తెల్లబడ్డాయి. మూడు నెలలు బతికాడు.

కళ్ళు తెల్లబడ్డాయి కదా. అక్కడే సలోమికి ఒక కథ దొరికింది. కామెర్లు పసరుతో తగ్గాయి, ఆ తర్వాత వేరే జబ్బు పట్టింది అని చుట్టాలకు చెప్పింది, చర్చిలో చెప్పింది, అత్తగారికి చెప్పింది. చెప్పగా చెప్పగా ఆవిడకే అది నిజమనిపించసాగింది.

*

ఇప్పుడు ఆ నలభై రోజులూ మళ్ళీ మొదలయ్యాయి. సలోమి రోజూ తొమ్మిదింటికి పెట్టె తలుపు తీసి చుక్కలు లెక్కపెట్టేది. రెండో రోజు పన్నెండు. ఆరో రోజు తొమ్మిది. ఆవిడ పక్కన ఎవరూ ఉండేవాళ్ళు కాదు. ల్యాబులో మిగతావాళ్ళకు అదొక నమూనా. పుస్తకంలో అంకె రాసి, ఒక్కోసారి గాజుమీద చెయ్యి పెట్టి, "ఇవాళ మొదటి పసరండీ" అని లోగొంతులో అనేది. ఆ మాట వినేవాడు లేడని ఆవిడకు తెలుసు. ఇంకెవరితో అనాలో మాత్రం తెలియదు.

సాయంత్రం ఇంటికొస్తే అత్తగారు మార్తమ్మ ఉండేది. పిల్లలు లేని ఇల్లు. ఇద్దరు విధవలు, రెండు కంచాలు. తెనాలిలో ఉన్న కూతురు రమ్మని పోరినా మార్తమ్మ వెళ్ళలేదు. "నా కొడుక్కి నలభై రోజులు చిన్నపిల్లాడికి పెట్టినట్టు పత్యం పెట్టిందమ్మా ఈ పిల్ల. దీన్ని వదిలి నేనెక్కడికి రాను?" అని కూతురితో ఫోనులో అంటుంటే, సలోమి వంటింట్లో పంపు తిప్పి వదిలేసేది, ఆ నీళ్ళ చప్పుడులో మాటలు వినపడకుండా.

లోకంలో ఆవిడకున్నది ఆ ఒక్క మనిషే. ఆ మనిషి నిలబడింది ఆ అబద్ధం మీద.

పదిహేనో రోజుకు చుక్కలు ఐదయ్యాయి. ఇరవయ్యో రోజున తహసీన్ సూక్ష్మదర్శినిలో చూసి, "ఇంకా గోడలోపలే ఉంది" అంది. సలోమికి ఒక ఆశ పుట్టింది. ఇదే కనుక నలభై రోజులూ గోడలోపలే ఉంటే? కానీ అలా ఉండి ఉంటే దానియేలు బతికేవాడు కదా. అంత చిన్న లెక్క కూడా తోచనంతగా ఆవిడ మనసు దింపుడు కళ్ళం ఆశ పెట్టుకుంది. కాసేపటికి ఆశ ఇంకోవైపు తిరిగింది. మొదటి రోజుకు ముందే దాటేసిందేమో, ఇరవయ్యో రోజున మనకు కనపడలేదేమో. అదే అయితే తను చేసిందానికీ చేయనిదానికీ తేడా లేదు. మొగుడు ముందే చచ్చిపోయి ఉండాలని కోరుకుంటున్నానా అని తన మీద తనకే అసహ్యమేసింది.

ఇరవై మూడో రోజు, శనివారం, పదకొండున్నరకు రక్తనాళం వైపున్న హెచ్చరిక దీపం ఎర్రగా వెలిగింది.

తహసీన్ వచ్చి చూసింది. రెండు నమూనాలు తీసి మళ్ళీ చూసింది. "దాటింది" అంది మెల్లగా.

సలోమి స్టూలు మీద కూర్చుంది. "అంటే ఇరవై రెండో రోజున తీసుకొచ్చినా..."

"కోయడానికి వీలుండేది. కోస్తే బతికేవాడని నేను చెప్పలేను. ఈ జబ్బులో ఆ మాట ఎవరూ ఇవ్వలేరు. కానీ కోయడానికి మాత్రం వీలుండేది."

 మొదటి నాళంలోంచి చుక్కకూ చుక్కకూ మధ్య చాలాసేపు పడుతోంది.

"సలోమి గారూ, ఆయన సంతకం పెట్టింది మందు సంగతి తేల్చమని. గడువు సంగతి నా సొంత ప్రశ్న. నలభై ఒకటో రోజు దాకా నడిపి, ఆయన స్కానింగుతో పోల్చి సరిచూడాలి, అది ఎలాగూ తప్పదు. కానీ ఈ ఇరవై మూడన్న అంకెను రిపోర్టులో పెట్టకుండా వదిలేయగలను. మీరు చెప్పండి."

 సలోమి చేతులు కడుక్కుని, బ్యాగు తీసుకుని ఇంటికి వచ్చేసింది.

*

గుమ్మంలోనే మార్తమ్మ ఎదురొచ్చింది. "అమ్మాయ్, కోటిలింగానికి కామెర్లట. పాపం, ఇవాళ్టికి ఎనిమిదో రోజట. పసరు పోయించుకుంటున్నాడట. రేపు చర్చి అవగానే చూసొద్దాం, ప్రార్థన చేసొస్తాను."

కోటిలింగం దానియేలుకు సెల్లారులో జోడీ. ఒకే మెషినుకు అటొకరు ఇటొకరుగా తొమ్మిదేళ్ళు నిలబడ్డారు. 

ఆదివారం వాళ్ళు వెళ్ళేసరికి కోటిలింగం రెండో పసరు తాగొచ్చి, వరండాలో నులకమంచం మీద కూర్చుని అరచేతులు గోక్కుంటున్నాడు. కళ్ళు పసుపు. చొక్కా భుజాల మీంచి జారిపోతోంది. మార్తమ్మ బైబిలు ఒళ్ళో పెట్టుకుని కుర్చీలో కూర్చుంది.

"చిక్కిపోయావే అన్నయ్యా" అంది సలోమి.

"పత్యం గదా" అంది అతని భార్య శేషమ్మ, మజ్జిగ గ్లాసు అందిస్తూ. "ఉప్పులేని కూడు తిని చిక్కక ఏం చేస్తాడు?"

"దురద ఎన్నాళ్ళ నుంచి?"

"అది నెలరోజుల్నుంచీ ఉంది. రంగు పడలేదులే" అన్నాడు కోటిలింగం.

"దొడ్డికి తెల్లగా అవుతోందా?"

"ఛ, ఆ మాటలెందుకు చెల్లెమ్మా ఇప్పుడు? మజ్జిగన్నం తింటే తెల్లగా కాక ఎర్రగా అవుద్దా?" అని నవ్వాడు.

"అన్నయ్యా, ఇవాళే ఆస్పత్రికి పోదాం. స్కానింగు తీయిద్దాం. ఇవి అన్ని కామెర్లలాంటివి కావు. ఒకవేళ రాయైనా సరే, తెలుసుకోవాలి."

కోటిలింగం మొహంలో నవ్వు తగ్గింది. "పత్యం మధ్యలో ఇంగ్లీషు మందు పడకూడదన్నాడు ముసలాయన. నలభై రోజులు కానీ, చూద్దాం. అయినా నువ్వేగా చెప్పావు, దానియేలుకు కామెర్లు పసరుతోనే తగ్గాయని? రక్తపరీక్షలు చేసే మనిషివి, నువ్వే మొగుడికి పోయించావంటే అందులో మహత్యం లేకపోలేదనుకున్నా. నీ మాట మీదే వెళ్ళానమ్మా నేను."

శేషమ్మ తలూపింది. మార్తమ్మ కూడా తలూపింది. "నిజమే. మావాడికి కళ్ళు తెల్లగా అయిపోయాయి నాయనా. తర్వాత ఆ మాయదారి రోగం రాబట్టి గానీ" అంది.

సలోమి అత్తగారి వంక చూసింది. ల్యాబు రిపోర్టు అచ్చయ్యేసరికి ఆరు నెలలు. ఈ మనిషికి పద్నాలుగు రోజులున్నాయో, ఇంకా తక్కువున్నాయో. డాక్టర్లు అలా అన్నారు ఇలా అన్నారు అని చుట్టుతిప్పి చెబితే వినడు. అతను నమ్మింది డాక్టర్లను కాదు, తనను.

"తగ్గలేదన్నయ్యా" అంది.

"ఏంటి?"

"ఆయనకు కామెర్లు పసరుతో తగ్గలేదు. ఆస్పత్రిలో గొట్టం వేశాక తగ్గాయి. రెండు జబ్బులు రాలేదు. మొదటి రోజు నుంచీ అది ఒకటే జబ్బు. రక్తం నేను చూశాను. నాళం మూసుకుందని నాకు ఆ రోజే తెలుసు. భయపడి కాగితం చింపేశాను. నీలాగే దురద, నీలాగే తెల్లగా, నీలాగే చిక్కిపోవడం. అన్నీ చూస్తూ పత్యం పెట్టాను. ఇప్పుడు ల్యాబులో ఆయన నాళాన్నే పెంచి చూశాం. ఇరవై రెండో రోజు దాకా కోసి తీసేయడానికి వీలుంది. నేను నలభై రోజులు ఇంట్లో కూర్చోబెట్టాను. నువ్వు కూర్చోకన్నయ్యా. నీ కాళ్ళు పట్టుకుంటాను, లే."

 శేషమ్మ మజ్జిగ గ్లాసు కింద పెట్టి లోపలికి పరిగెత్తి మొగుడి చెప్పులు, ఆధారు కార్డు తీసుకొచ్చింది. కోటిలింగం లేచాడు.

మార్తమ్మ మాత్రం కూర్చున్నచోటే ఉంది. "పెద్ద డాక్టరుకు చూపించానన్నావు" అంది.

"ఎవరికీ చూపించలేదత్తయ్యా."

మార్తమ్మ బైబిలు సంచిలో పెట్టుకుంది. ఆస్పత్రికి వాళ్ళతో రాలేదు. సాయంత్రం సలోమి ఇంటికి తిరిగొచ్చేసరికి తాళంచెవి పక్కింటివాళ్ళ దగ్గరుంది. తెనాలి బస్సెక్కిందని వాళ్ళు చెప్పారు. తిట్టి వెళ్ళినా బాగుండేదనిపించింది సలోమికి. ఆ తర్వాత రోజూ చేతి అలవాటుగా రెండు కంచాలు దించి, ఒకటి మళ్ళీ పైన పెట్టేది.

*

నలభై ఒకటో రోజున మొదటి నాళంలోంచి చుక్క పడటం ఆగిపోయింది. దానియేలు స్కానింగుతో పోల్చి చూస్తే ఎక్కడా తేడా లేదు. ఇక రెండో నాళాన్ని కూడా ఆపాలి. రెండిటినీ మైనంలో పోసి, పల్చగా కోసి పక్కపక్కన చూపిస్తే గానీ రుజువుకు బలం రాదు.

"నేను ఆపుతాను, మీరు బయట ఉండండి" అంది తహసీన్.

"నేనే ఆపుతాను మేడమ్."

రెండో నాళం ఇంకా నిమిషానికి ఇరవై చుక్కలు వదులుతోంది. సెల్లారులో అడుగుపెట్టని దానియేలు, నలభై ఏడేళ్ళ ఆరోగ్యవంతుడు, ఆ గాజులో వేలెడంత ఉన్నాడు. సలోమి అరగంట సేపు చూసింది.  మీట కిందికి నొక్కింది. చుక్కలు పదిహేనయ్యాయి, ఏడయ్యాయి, ఆగాయి. అప్పుడు ఏడుపొచ్చింది, మొగుడు పోయిన రోజున రానంత ఏడుపు. తహసీన్ వచ్చి భుజం మీద చెయ్యి వేసింది, చాలాసేపు తియ్యలేదు.

మర్నాడు సలోమి రిపోర్టు ముందేసుకుని, ఖాళీగా వదిలిన చోట ఇరవై మూడు అని తన చేత్తో రాసింది. కింద ఇంకో వరస రాసింది: రోగిని నలభై రోజులు పసరు వైద్యంలో ఉంచారు, మూసుకుపోయిన నాళం సంగతి కుటుంబంలో ఒకరికి మొదటి రోజే తెలుసు. తహసీన్ చదివి, "ఈ రెండో వరస అవసరమా?" అంది.

"ఉంచండి మేడమ్. ఇది చదివి ఇంకొకరు కాగితం చింపకుండా ఉంటారు."

ఆ వారంలోనే శేషమ్మ ఫోను చేసింది. స్కానింగులో కనపడ్డది ఆ గడ్డేనట. ముందు నాళంలో గొట్టం వేసి కామెర్లు దిగేదాకా ఆగి, ఆ తర్వాత ఆపరేషను చేశారట. గోడ దాటలేదట, మొత్తం వచ్చేసిందట. ఇంకా మందులు వాడాలి, అయిదేళ్ళు జాగ్రత్తగా చూసుకోవాలి. "నీ ఋణం ఎలా తీర్చుకోను వదినా" అని ఏడ్చింది.

ఫోను పెట్టేశాక సలోమి ఇల్లంతా ఒకసారి తిరిగింది. మంచి కబురు. ఎవరికి చెప్పాలి? మధ్యాహ్నం ఎండ వరండాలో పడి ఉంది. చివరికి మార్తమ్మకు ఫోను చేసింది. మూడు వారాలైంది, ఆవిడ ఒక్కసారీ ఎత్తలేదు. ఈసారి ఎత్తింది. ఊపిరి వినిపించింది.

"అత్తయ్యా, కోటిలింగం అన్నయ్యకు ఆపరేషనైంది. మొత్తం తీసేశారట. మనిషి బాగున్నాడట."



"వాణ్ణి నువ్వు ఆస్పత్రికి తీసుకెళ్ళింది రెండో పసరు తాగిన ఆదివారం కదూ" అంది మార్తమ్మ.

"అవునత్తయ్యా."

"మనవాడు కూడా రెండో ఆదివారమే అడిగాడు."

"ఎవర్ని?"

"నన్ను. పసరు తాగొచ్చి నా పక్కన కూర్చున్నాడు. నువ్వు వంటింట్లో ఉన్నావు. 'అమ్మా, సలోమి ఎందుకో భయపడుతోంది, ఒకసారి ఆస్పత్రికి పోదామా' అన్నాడు." మార్తమ్మ ఒక్క ఊపులో మిగతాది చెప్పేసింది. "దాని చేతుల మీదుగా రోజుకు వందమంది రక్తాలు పోతాయిరా, దానికి తెలియనిది నీకు తెలుసా, నోరుమూసుకుని పత్యం తిను అని కసిరాను. సరేనమ్మా అని లేచి వెళ్ళిపోయాడు. మళ్ళీ అడగలేదు."

 అత్తగారు తన మీద కోపంతో వెళ్ళిపోయిందనుకుంది సలోమి ఇన్నాళ్ళూ. తన అబద్ధం దానియేలు ఒక్కణ్ణే తీసుకుపోలేదు, కన్నతల్లి చేత కూడా అతనికి అడ్డం పెట్టించింది.

"నువ్వు ఆ మాట చెప్పకముందు, అది నాకొక మాటే కాదు. వాడేదో అడిగాడు, నేనేదో అన్నాను, అంతే. ఇప్పుడు కన్ను మూస్తే అదే. నా కూతురికి కూడా చెప్పలేదు" అంది మార్తమ్మ.

 క్షమించమని అడగడానికి సలోమికి నోరు రాలేదు, అటువైపు నుంచీ ఆ మాట రాలేదు. తెనాలిలో ఎక్కడో కుక్కరు కూత వేసింది. ఇద్దరిలో ఎవరూ ఫోను పెట్టెయ్యలేదు.